నీళ్ల జాడ తీసిన డిటెక్టివ్

చెప్పండి, కదిరి బస్టాండు ముందర పొద్దున్నే టీ తాగుతూ మీరేం చూశారు? ముసలి ఓబిలేష్ పక్కన, ఎండాకాలంలోనూ నల్లకోటు వేసుకుని కూర్చున్న మనిషిని చూశారా, లేదా? చూసే ఉంటారు. ఊరంతా చూస్తూనే ఉంది.

అతను డిటెక్టివ్ ఉదయ్‌కర్. ఓబిలేష్ రాసిన నూట పన్నెండు నవలల్లో హంతకుల్ని పట్టినవాడు. నవల నడుస్తున్నన్నాళ్లూ కాగితాల్లోనే ఉండేవాడు. నవలలు అమ్ముడుపోక రెండేళ్లుగా రాత ఆగిపోయింది కాబట్టి బయటికొచ్చి బెంచీ మీద కూర్చుంటున్నాడు. పనిలేక పలచబడిపోయాడు. కోటులోంచి వెనకున్న గోడ కనిపిస్తోంది.

"ఏమప్పా కోటాయనా, ఇట్లే ఉంటే ఇంగో వారానికి మాయమైపోతావు. అప్పుడు నా టీ ఎవురు తాగల్ల?" అంది అంగడి ఎలిజబెత్, గ్లాసు చేతికిస్తూ.

ఆ పూటే విజయవాడ నుంచి పబ్లిషర్ ఫోన్ చేశాడు. "సందుకో కెమెరా ఉందండీ. ఇంక డిటెక్టివ్‌ని ఎవరు చదువుతారు? కొత్తది పంపొద్దు."

"కెమెరాకు బుర్ర ఉండాదా?" అని అరిచి ఓబిలేష్ ఫోన్ పెట్టేశాడు. ఆ కోపం చల్లారకముందే ముదిగుబ్బ బస్సు దిగి బత్తాయి తోట రైతు బయమ్మ వచ్చింది.

"అన్నా, బోరు ఎండిపాయ. అరచేతిలో టెంకాయ పెట్టుకొని నీళ్ల పాయింటు చూసేటాయన మూడు చోట్ల చూపించినాడు. మూడిట్లోనూ దుమ్మే. చీనీచెట్లు కొట్టేసి బెంగళూరికి కూలికి పోతాండా. ఈయప్ప తప్పిపోయినోళ్లను కనిపెడతాడంట కదా?"

ఉదయ్‌కర్ లేచాడు. "నీళ్లను ఆఖరున చూసిందెవరు?"

"నేనే."

"అప్పుడు వాటి ప్రవర్తనలో మార్పేమైనా గమనించారా?"

"దగ్గినాయి సామీ. రెండు దినాలు పైపులో దగ్గి, మళ్లా రాల్యా."

తోటలో అతను టెంకాయ ముట్టలేదు. భూతద్దం పట్టుకుని, బోరు దగ్గర్నుంచి నీళ్ల అడుగుజాడలు చూసుకుంటూ కంచె దాటాడు. బయమ్మ తాత కాలంలో పూడిపోయిన బావి దగ్గర ఆగి, నేలకు చెవి ఆనించాడు.

"లోపలే ఉన్నాయి. గుసగుసలాడుతున్నాయి."

మూడు రోజులు తవ్వారు. నీళ్లు తలవంచుకుని బయటికొచ్చాయి. చీనీచెట్లు నిలబడ్డాయి. బయమ్మ బెంగళూరికి కట్టుకున్న మూట విప్పేసింది. ఉదయ్‌కర్ కోటు మళ్లీ చిక్కగా నలుపు తిరిగింది.

ఇప్పుడు బత్తలపల్లె దాకా రైతులు ఎండిన బోర్ల కేసులు పట్టుకుని అతని కోసం కాచుకుని ఉన్నారు. సంగతి విజయవాడకూ పాకింది. పబ్లిషర్ మళ్లీ ఫోన్ చేశాడు. "నీళ్ల డిటెక్టివ్ కావాలని జనం అడుగుతున్నారండీ. రాసివ్వండి, వెంటనే వేస్తాను."

నలభై ఏళ్లు రాతనే నమ్ముకున్న మనిషి ఓబిలేష్. కలం మూత తీసి కూర్చున్నాడు. మొదటి వాక్యం పడగానే ఉదయ్‌కర్ చేలల్లోంచి లేచి కాగితాల్లోకి వచ్చేయాల్సిందే. మీరైతే ఆయన్ను రాయమంటారా, వద్దంటారా?