ఫ్లైవీలుకు తొడిగిన కడియం

మా వదిన బండి ఇచ్చేస్తానని చెప్పినప్పుడు నేను లేత్ ముందు నిలబడి ఇత్తడి బుష్ కోస్తున్నాను. పని ఆపలేదు. ఆపితే ముఖం చూపించాల్సి వస్తుంది.

"మనతో పోటీలకొచ్చే పళ్ళ డాక్టరుకి మాటిచ్చేశానే. పై ఆదివారం పోటీ దగ్గరికి ఆయన ట్రెయిలర్ తెచ్చుకుంటాడు. అక్కడే అప్పజెప్పేద్దాం. ఈలోగా నువ్వొకసారి సర్వీసు చేసిపెట్టు" అంది.

"నువ్వు ఆడవా మరి?"

"యాభై రెండేళ్ళొచ్చాయి. మోకాలు మాట వినడం లేదు. మొన్న చూశావుగా, మూడు చోట్ల ఇంజన్ ఆపేసుకుని దిష్టిబొమ్మలా నిలబడ్డాను. చేతికి నిదానం పోయిందే. ఇంక చాల్లే."

ఆమె సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీకి టైమైందని వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు బండి సీటు మీద ఒక్కసారి చెయ్యి వేసి తీసింది. నేను చూడనట్టే ఉన్నాను.

మోటారుసైకిళ్ళ ట్రయల్స్ పోటీలో వేగంతో పని లేదు. బండరాళ్ళ మీదుగా, వాగుల్లో, బురదగట్ల మీద రిబ్బన్లు కట్టిన దారుల్లో బండి నడపాలి. ఒక్కో దారిని సెక్షన్ అంటారు. కాలు ఒకసారి నేలకు తగిలితే ఒక పాయింటు, రెండుసార్లయితే రెండు, ఆపైన ఎన్నిసార్లయినా మూడు. బండి ఆగిపోతే ఐదు. ఎవరికి తక్కువ వస్తే వాళ్ళది గెలుపు. సున్నా తెచ్చుకుని ఇంట్లో తన్నులు తిన్నవాళ్ళందరికీ ఇక్కడ మర్యాద దొరుకుతుంది. మాది పాత బండ్ల వర్గం. బండికి నలభై ఏళ్ళు దాటి ఉండాలి, ఫ్రేము మార్చకూడదు. ఇంజన్ లోపల మాత్రం ఏం చేసుకున్నా ఎవరూ అడగరు.

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. మా అన్నయ్యకు స్పానరు ఏ వైపు పట్టుకోవాలో తెలియదు గనక ఆ బండి విషయంలో నేను ముప్పాతిక మొగుణ్ణి. పదకొండేళ్ళుగా దాని మంచీ చెడ్డా నావే. ఫుట్‌రెస్టులు రెండంగుళాలు వెనక్కి జరిపింది నేను. హ్యాండిల్ త్వరగా తిరిగేలా ముందు ఫోర్కు బ్రాకెట్లు కొత్తగా చేసింది నేను. ఈ సీజన్‌కి ముందు నాకు బరువు తగ్గించే పిచ్చి పట్టింది. అందరూ తగ్గిస్తున్నారు, నేనెందుకు తగ్గించను? బ్రేకు ప్లేట్లకు చిల్లులు పొడిచాను. స్టాండు కోసి పారేశాను. బోల్టుల తలలు కూడా అరగదీశాను. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు, చివరికి ఇంజన్ విప్పి, లోపల తిరిగే ఇనుప చక్రం, ఫ్లైవీలు, తీసి లేత్‌కెక్కించి తొమ్మిది వందల గ్రాములు చెక్కేశాను. వదినకు చెప్పలేదు. గెలిచాక చెప్పి గొప్ప కొట్టుకుందామనుకున్నాను.

ఆమె వెళ్ళాక బండి స్టార్ట్ చేశాను. సర్వీసు చేసే ముందు ఇంజన్ వేగం తగ్గించే ఐడిల్ స్క్రూ మెల్లగా విప్పుతూ, ఇంజన్ చచ్చిపోయే లోపల దాని చప్పుళ్ళు లెక్కపెట్టడం నా అలవాటు. ఈ సీజన్ మొదలయ్యాక ఒక్కసారీ లెక్కపెట్టలేదు. నేను చేసిన పనిని నేనే పరీక్షించుకోవడమేమిటని పొగరు. పాత రోజుల్లో అది డుబ్బు, డుబ్బు, డుబ్బు అంటూ ముసలి ఎద్దులా ఒక్కో అడుగూ వేసి, పదీ పన్నెండు లెక్కపెట్టాకగానీ ఆగేది కాదు. ఆ రోజు రెండు లెక్కపెట్టగానే ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేశాను. మళ్ళీ రెండే.

నేను చేసిన నిర్వాకం అప్పుడు తెలిసింది. నెమ్మదిగా పోయేటప్పుడు ఇంజన్ ఆగకుండా తిప్పేది ఆ ఫ్లైవీలు బరువే. రేసు బండికైతే అది తేలికయ్యేకొద్దీ మేలు. రాళ్ళ మీద నడిచే బండికి అది బరువుంటేనే ప్రాణం. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. ఇరవై ఏళ్ళుగా పదిమందికి పాఠం చెప్పినదాన్ని.

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందని లోకం ఎగతాళి చేస్తుంది. మా వదిన దాన్ని తిరగేసింది. మద్దెల నేను పగలగొడితే, తనకు ఆట చేతకావడం లేదనుకుంది. మూడు పోటీలు ఓడి, ప్రతిసారీ మోకాలినీ వయసునీ తిట్టుకుంది. ఒక్కసారి కూడా నా పనిని అనుమానించలేదు. అది తలచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. వదిన వంటింట్లో స్టూలు మీద కూర్చుని, మోకాలి మీద ఐసుసంచి పెట్టుకుని ఉంది. దారి పొడుగునా మంచి మాటలు కూర్చుకున్నాను గానీ నా నోరు నా మాట ఎప్పుడు విన్నది గనక.

"ఇంజన్ ఆపింది నువ్వు కాదు వదినా. నేను. ఫ్లైవీలు చెక్కేశాను" అన్నాను.

"ఎప్పుడు?"

"సీజన్ మొదట్లో."

ఆమె ఐసుసంచి తీసి సింకులో పెట్టింది.

"నాలుగు నెలలు నన్ను ముసలిదాన్ని చేసి కూర్చోబెట్టావే" అంది. "నేను అద్దంలో చూసుకుని ఏడ్చాను, తెలుసా?"

"తిట్టు. పడతాను."

"తిడితే ఫ్లైవీలు బరువెక్కుతుందా?"

"ఎక్కదు. నేను ఎక్కిస్తాను. ఆ ఒక్క పోటీ ఆడి చూడు. అప్పటికీ ఆగిపోతే డాక్టరుకిచ్చెయ్, నేను నోరెత్తను."

"నువ్వు నోరెత్తకుండా ఉండటం చూడటానికైనా ఆడాలి" అంది వదిన. నవ్వలేదు గానీ ఆడతానన్నట్టే.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల. చెక్కిన ఇనుము మళ్ళీ అతుక్కోదు. వెల్డింగు చేస్తే ఫ్లైవీలు వంకరపోతుంది. ఉన్నది ఒక్కటే దారి. ఉక్కుతో కడియం చేసి దాని చుట్టూ తొడగాలి. కడియం లోపలి కొలత ఫ్లైవీలు కంటే వెంట్రుక మందమంత తక్కువ ఉండాలి. మామూలుగా అయితే ఎక్కదు. కడియాన్ని కాలిస్తే వ్యాకోచిస్తుంది, అప్పుడు ఎక్కుతుంది, చల్లారాక జన్మలో ఊడదు. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కాలితే మాత్రం పని చెడుతుంది. నా గ్యాసు మంట మీద నాకు నమ్మకం లేకపోయింది.

మా వర్క్‌షాపు గోడకవతల బేకరీ ఉంది. బేకరీ ఆయనకు నా నోరంటే భయం. కడియం పట్టుకెళ్ళి ఓవెన్ అడిగాను.

"బ్రెడ్డు ఎంతసేపట్లో కాలుతుందో చెప్పగలను. ఇదెంతసేపట్లో కాలుతుంది?" అన్నాడు.

"మీ బ్రెడ్డు కంటే గట్టిగా ఉంది కాబట్టి కొంచెం ఎక్కువ పెట్టండి" అన్నాను.

"మా బ్రెడ్డునే కదా రోజూ తింటున్నారు" అని గొణిగి లోపల పెట్టాడు. ఫ్లైవీలును ఆయన ఫ్రీజరులో పెట్టించాను. గంటన్నర తర్వాత ఆయన పెద్ద పట్టకారుతో కడియం పట్టుకుని నడిచాడు, నేను ముందు తలుపులు తీస్తూ పరిగెత్తాను. బల్ల మీద చల్లటి ఫ్లైవీలు, పైన కాలిన కడియం. వదిలాం. టక్‌మని కూర్చుంది. రెండు నిమిషాల్లో బిగుసుకుపోయింది. సమతూకం చూసుకుని, బరువైన వైపు పిసరంత తీసి, మళ్ళీ చూసుకుని ఇంజన్లో పెట్టాను. పోయింది తొమ్మిది వందల గ్రాములు, తొడిగింది కిలోన్నర. స్క్రూ విప్పి లెక్కపెట్టాను. పద్నాలుగు దాకా నడిచింది. పక్కన బేకరీ ఆయన ఉన్నాడని కూడా చూడకుండా బండిని కౌగిలించుకున్నాను.

పోటీ నాడు పళ్ళ డాక్టరు ట్రెయిలరుతో సహా వచ్చాడు. ఆయన బండి ఆయన పళ్ళలాగే తళతళలాడుతుంది. మా బండి వెనక చక్రం ఎత్తిచూసి, "బరువు పెరిగిందేంటండీ? అందరూ తగ్గిస్తుంటే" అన్నాడు. నా నాలుక చివరిదాకా ఒకటొచ్చింది. వదిన నా చెయ్యి నొక్కింది, మింగేశాను.

మొదటి సెక్షన్లలో వదినకు నమ్మకం కుదరలేదు. ఇంజన్ ఆగిపోతుందేమోనని క్లచ్ పట్టుకుని, అక్కరలేకపోయినా కాలు పెట్టింది. అలా పద్నాలుగు పాయింట్లు పడ్డాయి. సగం దాటాక క్లచ్ మీంచి వేళ్ళు తీయడం చూశాను. అక్కణ్ణుంచి వరసగా ఐదు సున్నాలు. డాక్టరు అప్పటికే ముగించాడు, పదిహేను పాయింట్లతో. మిగతావాళ్ళందరూ చాలా వెనక ఉన్నారు. వదినకు మిగిలింది ఒక్కటే, వాగులోని ఆఖరి సెక్షన్. ఒక్కసారి కాలు తగిలితే సమానం. రెండుసార్లు తగిలితే ఓటమి.

తడిసిన రెండు బండలు మెట్లలాగా ఉన్నాయి, ఆపైన చెట్టువేరు. ఆ వేరు దగ్గరే అందరూ ఆగిపోయారు. అక్కడ పాయింట్లు వేసే పరిశీలకుడు రిటైరైన లెక్కల మాస్టారు. జాలి దయ లేని మనిషి.

వదిన మొదటి బండ ఎక్కింది. రెండోది ఎక్కింది. ముందు చక్రం వేరుకు తగిలి బండి ఇంచుమించు నిలిచిపోయింది. ఆమె యాక్సిలరేటర్ ఇవ్వలేదు. ఇస్తే తడిలో చక్రం జారుతుందని ఆమెకు తెలుసు. ఇంజన్ చప్పుడు తగ్గింది. డుబ్బు. డుబ్బు. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మూడు, నాలుగు. ఐదో చప్పుడు చాలా ఆలస్యంగా వచ్చింది. ఆరోది వచ్చింది. ఏడోదానికి ముందు చక్రం వేరెక్కింది, వెనక చక్రం దాని వెంటే నిదానంగా ఎక్కింది. రెండు కాళ్ళూ ఫుట్‌రెస్టుల మీదే ఉన్నాయి.

మాస్టారు పిడికిలి బిగించి పైకెత్తాడు. అంటే సున్నా. జనం కేకలు పెట్టారు. నేను పెట్టిన కేకకు పక్కాయన చెవి మూసుకున్నాడు.

డాక్టరు మంచివాడే, మొదట అభినందించాడు. ఆ తర్వాత ట్రెయిలరు వైపు చూపించి, "మరి బండి ఎక్కించుకోమంటారా? మాటిచ్చారు కదా" అన్నాడు.

వదిన ఇంకా బండి దిగలేదు. హెల్మెట్ తీసి నా చేతికిచ్చింది. జుట్టంతా చెమటకు నుదుటికి అతుక్కుపోయింది. ఆమె ముఖం అంత వెలిగిపోవడం నేను ఎన్నడూ చూడలేదు.

"మాటిచ్చింది ఒక ముసలామెండీ. మీకు బండి కావాలంటే ఆవిణ్ణి వెతుక్కోండి. ఇది నాది" అంది.