సగం తువ్వాలు

బోటు అడుగున చేరిన నీళ్లను డబ్బాతో తోడి పారబోస్తూ బుధు ఓరకంట రేవు వైపు చూశాడు. పోలయ్య మెట్ల మీద కూర్చుని లైఫ్ జాకెట్లు దులుపుతున్నాడు. నిజంగా దులుపుతున్నాడో, దులుపుతున్నట్టు ఉండి ఇటే చూస్తున్నాడో తెలియలేదు. భుజం మీద ఎప్పటిలాగే ఎర్ర అంచు తువ్వాలు ఉంది. అదీ సగమే, నడిమికి చింపింది. తక్కిన సగం ఏమైందా అని బుధు చాలాసార్లు ఆలోచించాడు. నిక్షేపంలాంటి తువ్వాలును ఒక మనిషి రెండు ముక్కలు చేశాడంటే అందులో ఏదో సంగతి ఉండే ఉంటుంది.

అనుమానం పెనుభూతం అంటారు. బుధు అనుమానం అంత పెద్దదేమీ కాదు, బీడీకట్టతో పాటు మొలలో ఇమిడిపోయేది. కాకపోతే పొద్దున లేచింది మొదలు దాన్ని తీసి వెలిగించుకుంటూనే ఉంటాడు.

ఆ బోటు ఒకప్పుడు సముద్రం ఒడ్డున జనాన్ని తాడు కట్టి నీళ్ల మీద లాగి ఆడించిన స్కీ బోటు. అక్కడ పాతబడ్డాక కొండెక్కి ఈ డ్యాము నీళ్లలోకి వచ్చింది. ఇంజిను బోటు నడుమ ఒక పెట్టెలో ఉంటుంది. పెట్టె మీద మెత్త ఉంది కాబట్టి జనం దాని మీదా కూర్చుంటారు. పొద్దున్నే తాళంచెవి తిప్పగానే ఇంజిను అందుకుంటుంది. బాగా వేడెక్కాక ఆపి మళ్లీ తిప్పితే మాత్రం సెల్ఫు గిరగిరా తిరుగుతుందే గాని ఇంజిను పలకదు. శివరాత్రి వెళ్లి ఎండలు ముదిరినప్పటి నుంచి ఇదే రోగం. పోలయ్య కొండ కింది నుంచి బోటులో సాయానికి వచ్చిందీ శివరాత్రి వెళ్లాకే. బుధుకు ఇంకో సాక్ష్యం అక్కర్లేకపోయింది.

రోగం మొదలైన కొత్తలో పట్నం నుంచి మెకానిక్ వచ్చి చూశాడు. బ్యాటరీ మార్చాడు, ప్లగ్గులు మార్చాడు, కార్బొరేటరు విప్పి కడిగాడు. చివరికి విసిగిపోయి, "నడుస్తూ నడుస్తూ ఆగిపోతోందా, లేకపోతే నువ్వు ఆపితే మళ్లీ అందుకోవట్లేదా?" అని అడిగాడు.

"నడస్తా నడస్తానే ఆగిపోతన్నాది బాబూ" అన్నాడు బుధు నీళ్ల వైపు చూస్తూ.

అది అబద్ధం. ఆపుతున్నది తనే.

ఆ నీళ్ల నడుమ, ఎండిన ఇప్పచెట్టు మొన ఒకటి పైకి కనిపించే చోట, అడుగున కుంబిగుడ ఉంది. బుధు పుట్టిన ఊరు. పశువుల వెంట తిరిగే వయసులో ఉండగా డ్యాము కట్టారు, నీళ్లు వచ్చాయి. ఊరివాళ్లను కొండవాలు కాలనీకి తరలించారు. ఊరి దేవత జాకరమ్మ రాయిని మాత్రం కదల్చకూడదన్నారు పెద్దలు. అమ్మవారు నీటి అడుగునే ఉండిపోయింది. ఆ రాయి చుట్టూ రోజూ ఊడ్చింది బుధు తల్లి. బుధు రోడ్డు పనులు చేశాడు, కాఫీ పళ్లు కోశాడు, నాటు పడవలో చేపలు పట్టాడు. బోటు డ్రైవరయ్యాక కాలనీలో అందరూ అతని యూనిఫాం చొక్కా చూసి అదృష్టవంతుడన్నారు. అదృష్టం చొక్కాలో లేదని అతనికి తెలుసు. మునిగిపోయిన ఊరికి రోజూ వెళ్లి వచ్చేవాడు ఆ కాలనీలో అతనొక్కడే.

అమ్మ నెత్తి మీద ఇంజిను మోగించుకుంటూ పోవడం అతనికి చేతకాదు. ఆ చోటికి రాగానే ఇంజిను ఆపుతాడు. చెప్పులు విడిచి ముందుకు వెళ్లి, చేతులు జోడించి కళ్లు మూసుకుంటాడు. జనం ఫొటోలు తీసుకుంటారు. నీటి మధ్య ఎక్కడా ఇంజిను ఆపకూడదని మేనేజరు హెచ్చరిక. అందుకే ఎవరికీ చెప్పలేదు.

తెలిసినవాడు పోలయ్య ఒక్కడే. వచ్చిన కొత్తలో అన్నాడు కూడా. "ఏడి మీద ఆపీకు తమ్మీ, ఇది మొరాయిత్తాది."

"మా అమ్మోరి కాడ ఏటి సెయ్యాలో పల్లపోడు నాకు సెప్పక్కర్లేదు" అన్నాడు బుధు. ఆ తర్వాత చాలా రోజులు అతనితో మాట్లాడలేదు. పోలయ్య కూడా మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

కాని ఆ తర్వాతే మరో సంగతి మొదలైంది. బుధు కళ్లు మూసుకుని నిలబడినప్పుడు వెనక పెట్టె మూత తీసిన చప్పుడు. తిరిగి చూస్తే పోలయ్య మూత వేస్తూ, మోచేతి దాకా తడిసిన చేతిని లుంగీకి తుడుచుకుంటూ ఉంటాడు. అలాంటప్పుడు ఇంజిను కాసేపు మూలిగి మూలిగి అందుకుంటుంది. వీడు లోపల ఏదో వదులు చేస్తున్నాడు, తనను తప్పించి డ్రైవరు సీటు ఎక్కాలని చూస్తున్నాడు అనుకున్నాడు బుధు. అసలు అందుకోని రోజులూ ఉన్నాయి. అప్పుడు నాటు పడవలవాళ్లు తాడు కట్టి ఒడ్డుకు లాక్కొచ్చారు.

అందుకే ఇవాళ ఇంటి తాళం తెచ్చాడు.

"ఇంటి తాళం ఏటి సేత్తావు?" అంది భార్య కనక, పొద్దున అంబలి గిన్నె అందిస్తూ.

"ఇంజిను పెట్టికి ఏత్తాను."

"పట్టుకెళ్లు. మనింట్లో ఎలకలు తప్ప ఎత్తుకెళ్లడానికి ఏటున్నాది" అంది కనక.

తాళం ఇంకా వెయ్యకముందే, మొదటి ట్రిప్పులో మళ్లీ మూత చప్పుడు వినిపించింది. ఇంజిను మూలిగి అందుకుంది. బుధు రేవుకు చేరేసరికి మేనేజరు ప్రేమ్‌కుమార్ గొడుగు కింద నిలబడి ఉన్నాడు. కోపంగా లేడు, అందుకే బుధుకు భయం వేసింది.

"ఇంకొక్కసారి బోటు మధ్యలో ఆగిందంటే పైవాళ్లు దీన్ని అమ్మేస్తారంట. పెడల్ బోట్లు తెస్తారు. ఒడ్డు పక్కనే తొక్కుకుంటారు, డ్రైవరుతో పనుండదు" అన్నాడు. గొంతు తగ్గించి, "ఎవరైనా ఏమైనా చేస్తున్నారా బుధూ?" అని అడిగాడు.

ఒడ్డు పక్కన తొక్కే పడవ ఇప్పచెట్టు దాకా పోదు. ఆ తర్వాత ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు.

"పోలయ్య పెట్టిలో సెయ్యెడతన్నాడు బాబూ. రోజూ సూత్తన్నాను."

ప్రేమ్‌కుమార్ పోలయ్యను పిలిచాడు. "పెట్టెలో నీకేం పని?"

పోలయ్య జవాబు చెప్పబోయి ఆగాడు. బుధు ముఖంలోకి ఒకసారి చూశాడు. ఆ చూపు దొంగచూపులా లేకపోవడం బుధుకు ఇంకా అనుమానంగా తోచింది. గట్టి దొంగలకే అలాంటి చూపు వస్తుంది మరి.

"ఏటీ లేదు బాబూ" అన్నాడు పోలయ్య.

"అయితే రేపటి నుంచి రానక్కర్లేదు. ఇప్పుడే వెళ్లినా సరే."

పోలయ్య అన్నం క్యారేజీ, సంచీ తీసుకున్నాడు. తువ్వాలు ముక్క తలకు చుట్టబోతే చాలలేదు. మళ్లీ భుజాన వేసుకున్నాడు. బోటు పక్కగా వెళ్తూ ఆగి, మేనేజరుకు వినపడనంత మెల్లగా అన్నాడు.

"అమ్మోరి కాడ ఆపినపుడు ఆ పెట్టి మూత ఓపాలి ఎత్తు తమ్మీ."

పోతూ పోతూ కూడా పెట్టె ఊసే. బుధు పెట్టె గొళ్లేనికి తాళం వేసి, చెవిని మొలతాడుకు కట్టుకున్నాడు. కొండ దిగే జీపు హారను కొట్టింది. బుధు తల ఎత్తేసరికి మలుపులో దుమ్ము మాత్రం కనిపించింది.

మధ్యాహ్నం ట్రిప్పుకు ఒక కుటుంబం ఎక్కింది. ముగ్గురు ఆడవాళ్లు పెట్టె మీద సర్దుకుని కూర్చున్నారు. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఇప్పచెట్టు మొన దగ్గర బుధు ఇంజిను ఆపి ముందుకు వెళ్లాడు. వెనక మూత చప్పుడు లేదు. ఎన్నాళ్లకో మనసు కుదురుగా అమ్మకు దండం పెట్టుకున్నాడు.

వచ్చి తాళంచెవి తిప్పాడు. సెల్ఫు తిరిగింది. ఇంజిను అందుకోలేదు. మళ్లీ తిప్పాడు. మూలుగు కూడా లేదు.

"ఏమైంది?" అంది పెట్టె మీద కూర్చున్న పెద్దావిడ.

"ఏటీ లేదమ్మా, ఓపాలి లెగండి."

మొలతాడుకున్న చెవితో తాళం తీసి మూత ఎత్తాడు. పొయ్యి మీది కుండ మూత తీసినట్టు సెగ ముఖాన కొట్టింది, దాంతో పాటు పెట్రోలు వాసన. వంగి చూశాడు. ఇంజినుకు పెట్రోలు అందించే పంపు మీద ఏదో గుడ్డ కప్పి ఉంది. ఎర్ర అంచు ఉంది దానికి. చేత్తో తీశాడు. అప్పడంలా ఎండిపోయి, పంపు ఆకారంలోనే బిగుసుకుపోయి ఉంది.

పోలయ్య ఇన్నాళ్లూ ఆ గుడ్డ తడిపి వేడెక్కిన పంపును చల్లబరిచాడని బుధుకు అర్థమైంది. తడిసిన మోచెయ్యి గుర్తొచ్చింది. నాటు పడవలు లాక్కొచ్చిన రోజులు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆ రోజులన్నిటా పెట్టె మీద జనం కిక్కిరిసి కూర్చున్నారు, మూత ఎత్తడానికి పోలయ్యకు సందు దొరకలేదు. పొద్దున మేనేజరు అడిగినప్పుడు పోలయ్య ఎందుకు నోరు మూసుకున్నాడో కూడా తెలిసింది. తడి గుడ్డ వేస్తున్నానని చెబితే ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెబితే బుధు నీటి మధ్య ఇంజిను ఆపే సంగతి బయటపడుతుంది. బుధుకు ఒళ్లంతా సిగ్గు పాకింది. ఎదురుగా ఉన్న జనం ముఖాల్లోకి చూడలేకపోయాడు.

వంగి గుడ్డను నీళ్లలో ముంచాడు. కుంబిగుడ నీళ్లు. పంపు మీద పరిచాడు. ఆవిరి లేచింది. ఇంకోసారి ముంచాడు, ఇంకోసారి పరిచాడు. కాసేపు ఆగి తాళంచెవి తిప్పితే ఇంజిను మూలిగి మూలిగి అందుకుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

రేవులో ప్రేమ్‌కుమార్ నవ్వుతూ ఎదురొచ్చాడు. "చూశావా, వాడు పోయాడు, రోగం పోయింది. బోటు ఉంచెయ్యమని చెప్పేస్తాను."

బుధు నోరు తెరిచాడు. నిజం చెబితే పోలయ్య తిరిగి వస్తాడేమో. ఇంజిను ఆపుతున్నది తనేనని తెలిసి తను పోతాడు, ఇప్పచెట్టూ పోతుంది.

"సరే బాబూ" అన్నాడు.

ప్రేమ్‌కుమార్ వెళ్లాక బుధు బోటులోకి దిగాడు. ఇంటి తాళం తీసి జేబులో వేసుకుని, పెట్టె మూత తెరిచే ఉంచాడు. లోపల, పంపు మీద, ఎర్ర అంచు సగం తువ్వాలు ఇంకా తడిగానే ఉంది.