భుజం మీద చెయ్యి

కలకత్తా రేవు పక్కన వాట్‌గంజ్‌లో పోలిరాజు పొద్దున్నే ఫొటో స్టూడియో తెరిచి, నల్లతెర దులిపి, ముక్కాలిపీట తుడిచి, కరెంటు ఉందో పోయిందో చూసుకునేవాడు. బారువ నుంచి వచ్చి హౌరాలో దిగినప్పుడు చేతిలో సంచీ తప్ప ఏమీ లేదు. ఇప్పుడు రేవులో ఆయన పేరు తెలియని తెలుగువాడు లేడు.

ఆయన తీసే ఫొటోలో, కూర్చున్నవాళ్ల మనసులో ఎవరుంటే వాళ్లు పక్కనే నిలబడి పడతారు. చాలామందికి పోయిన తల్లులు పడేవారు. రేవులో మూటలు మోసే గవరయ్యకైతే ఊళ్లో అమ్మేసిన గేదె పడింది, పాపం, ఫ్రేము కట్టించుకున్నాడు. అందుకే పెళ్లికొడుకు ఫొటో అక్కడ తీయిస్తేగానీ ఆడపిల్లవాళ్లు మాటిచ్చేవారు కాదు. మొహమ్మీద తెల్లమచ్చలుంటే పోలిరాజు నెగెటివు మీద బ్లేడుతో గీకేవాడు. పక్కనొచ్చిన మనిషి జోలికి మాత్రం బ్లేడు పోనిచ్చేవాడు కాదు.

రేవులో క్రేను నడిపే కృపాకరూ, పోలిరాజూ స్టూడియో వెనక గదిలో కాపురముండేవారు. కాపురమే అది, మరో మాటెందుకు. ఇంతలో కృపాకర్‌కి ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్ల నుంచి సంబంధం వచ్చింది. తల్లి పోరు పడలేక ఫొటో తియ్యమన్నాడు.

"పక్కన నువ్వే పడతావు కదేటి. సూసి ఆళ్లే వద్దంటారు, పీడా పోద్ది" అన్నాడు నవ్వుతూ.

నిజంగానే పోలిరాజు పడ్డాడు, కృపాకర్ భుజమ్మీద చెయ్యేసి. ఆ సంబరంలో టీ తేవడానికి వెళ్లాడు. ఎర్రజెండాల ఊరేగింపు అడ్డమొచ్చి ఆలస్యమైంది. చల్లారిన మట్టికప్పులతో వచ్చేసరికి కృపాకర్ లేడు. ఫొటో అచ్చేసుకుని, తడి ఆరకుండానే పట్టుకుపోయాడు. నెగెటివు బల్లమీదే ఉంది, పోలిరాజు నేర్పిన పద్ధతిలోనే శుభ్రంగా గీకేసి. గీకినచోట ఫొటోలో నల్లగా పడుతుంది కాబట్టి, పక్కనున్న మనిషి మొత్తం వెనక నల్లతెరలో కలిసిపోయాడు. చెయ్యొక్కటే మిగిలింది. తెల్లచొక్కా మీదుంది మరి, గీకితే చొక్కా నల్లబడదూ.

ఆడపిల్లవాళ్లు అది మరకేలే అనుకుని సంబంధం ఖాయం చేసుకున్నారు. జంట ఫొటో కూడా అక్కడే తీయించాలని పెళ్లికూతురి తండ్రి కృపాదానం పట్టుబట్టి అందర్నీ తీసుకొచ్చాడు. కృపాకర్ లోపలికొస్తూనే, ఎవరో కొత్తవాణ్ణి పిలిచినట్టు, "దాదా, కొంచెం తొందరగా" అన్నాడు. పోలిరాజు దీపాలు సర్దాడు.

పెళ్లికూతురు విజయ కుమారి పీటమీద కూర్చుని సంచీలోంచి ఆ ఫొటో తీసింది.

"ఈ చెయ్యి ఎవరిదండీ? మరకంటున్నారు గానీ, దీనికి నల్లటి గోళ్లున్నాయి."

కృపాకర్ ఫొటో వంకైనా చూడలేదు. "నాకు తెలీదు" అన్నాడు.

అప్పుడే పోలిరాజు కెమెరా మీది నల్లగుడ్డ ఎత్తాడు. ఏళ్లతరబడి ఫొటోలు కడిగే మందునీళ్లలో నాని నల్లబడిన గోళ్లు. ఆ పిల్ల ఫొటో వంక చూసింది, ఆ చేతి వంక చూసింది. దాచుకోవచ్చు, పోలిరాజు దాచుకోలేదు. ఆమె పీటమీంచి లేచింది.

"నాన్నా, పోదాం పద. భుజమ్మీది చెయ్యే తెలీదంటున్నాడు. రేపు నా చెయ్యి కూడా తెలీదంటాడు."

వాళ్లు వెళ్లిపోయాక కృపాకర్ గుమ్మం దగ్గరే నిలబడి, "రాజూ" అన్నాడు మెల్లగా.

పోలిరాజు ముక్కాలిపీట తుడిచి, అతని భుజమ్మీంచి వీధిలోకి చూస్తూ, "తరవాతెవరండీ" అని కేకేశాడు.