తెర మీద ఎర్ర ముక్కోణం

కొమరోలు సువార్త సభల్లో సరిగ్గా పాట ఎత్తుకునే వేళకు తెర నల్లబడింది. పాట పదాలూ లేవు, వెనక బొమ్మా లేదు. పాస్టరు ప్రభాకరరావు అయ్యగారు ఒక్క క్షణం ఓర్చుకోలేదు. మైకు పట్టుకుని, జనమంతా వింటుండగానే, "ఏం తెర తెచ్చినావు ఏబేలూ? దేవుని పనికి పాత సామాను మోసుకొస్తావా?" అన్నాడు. ముందు వరసల్లో నవ్వులు లేచాయి.

ఏబేలుకు ఒళ్ళు మండిపోయింది. తెరలూ మైకులూ అద్దెకు తిప్పి బతికేవాడి మీద మైకులో మాట పడితే అది ఊళ్ళు దాటిపోతుంది. రేపు కొనకనమిట్ల సభలకు తనను పిలుస్తారా? అసలు తెరకేం రోగం? పాటలున్నది అయ్యగారి కొడుకు వెస్లీ ల్యాప్‌టాప్‌లో. వచ్చిన ప్రతి పాస్టరూ తన ల్యాప్‌టాపే తగిలించమంటాడు. అది మొరాయిస్తే తిట్లు మాత్రం తెరవాడికి.

"వైరు చూడన్నా," అన్నాడు వెస్లీ, కుర్చీలోంచి లేవకుండా.

"నీ పెట్టె సంగతి నువ్వు చూస్కో పో!"

ఏబేలు కూతురు ఫెబీ గిద్దలూరులో డిగ్రీ చదువుతోంది, సభలకు నాయనకు సాయంగా వచ్చింది. ఆ పిల్ల వెస్లీ ల్యాప్‌టాప్‌కే పెన్‌డ్రైవ్ పెట్టి, ఏదో నొక్కింది. స్టేజీ వెనక తెర మీద రెండు నిలువుల ఎత్తున ఎర్ర ముక్కోణం భగ్గున వెలిగింది. జనం గొణుగుడు ఆగిపోయింది.

"ఏందే అది?"

"నేను రాస్తన్న పాటల ప్రోగ్రాం నాయనా. విండోసైనా, లైనక్సైనా, ఫోనైనా, దేంట్లో పెట్టినా ఒకే తీరుగా గీయాల. ముందు ముక్కోణం గీయడం వస్తే, తర్వాత అక్షరాలు. చూసినావా, తెరా మంచిదే, వైరూ మంచిదే. వీళ్ళ సాఫ్ట్‌వేరే ఈ ల్యాప్‌టాప్‌లో గీయలేకుండా ఉంది."

"ముక్కోణం చూసి ఏం పాట పాడాల?" అని వెస్లీ ఇకిలించాడు. ఆ వెంటనే, "పాటలొచ్చినంక నాకూ ఇయ్యి పాపా," అన్నాడు.

"ఇచ్చేదేముంది, నెట్‌లోనే పెట్టినా. ఎవరైనా తీసుకోవచ్చు, దిద్దొచ్చు."

ఏబేలు కోపం కూతురి మీదికి మళ్ళింది. "నాయన్ని తిట్టినోళ్ళకు ఊరికే ఇస్తావా?"

"నాకూ ఊరికే సాయం వచ్చింది నాయనా. ఇట్లాంటి ల్యాప్‌టాప్‌లో నాదీ నల్లగానే ఉండేది. ఏ దేశపాయనో, నా కోడ్ చదివి దిద్ది పంపినాడు. ఆయన పేరు అందులోనే రాసినా."

ఇంతలో అయ్యగారు దిగి వచ్చి, ఏబేలు భుజం తట్టి, "ఏమనుకోవద్దు తమ్ముడూ," అన్నాడు చెవిలో.

"చెవిలో ఏంది అయ్యగారూ? తిట్టింది మైకులో గదా!"

అయ్యగారు మొహం గంటు పెట్టుకుని మళ్ళీ స్టేజీ ఎక్కాడు. "ప్రియులారా, దేవుని కృప వల్ల తెర బాగయింది..."

బాగయిందట! చెడిపోతే గదా బాగయ్యేది! ఏబేలు మిక్సరు మీద చేయి వేసి అయ్యగారి మైకును పూర్తిగా తగ్గించేశాడు. అక్కడ పెదాలు కదులుతున్నాయి, మాట మాత్రం రావడం లేదు. జనం వెనక్కి తిరిగి చూశారు.

"పెంచు నాయనా, అందరూ చూస్తన్నారు."

"చూడనీ! మొగం తెలీనోడి పేరు నువ్వు రాసినావే, ఎదురుగా నిలబడినోడి పేరు ఆయన నోట్లోంచి రాదా? తప్పు ఏబేలు తెరది కాదని మైకులో చెప్తానని తల ఊపమను. పెంచుతా."

అయ్యగారు మైకును వేలితో తట్టాడు, ఊదాడు, ఏబేలు వైపు చూశాడు. ఏబేలు చేయి తీయలేదు.