ఎడమకాలి సిర, కుడికాలి కొలువు

నేను ఒక సిరను. ఏడుకొండలు అనే మనిషి ఎడమకాల్లో, చీలమండ నుంచి గజ్జల దాకా చర్మం కిందే పెరిగాను. నావి పలచటి గోడలు, లోపల అక్కడక్కడా కవాటాలు. పాదం నుంచి గుండెకు తిరిగివెళ్లే రక్తం మళ్లీ కిందికి జారకుండా అవి తలుపుల్లా మూసుకునేవి. ధమనుల బతుకు వేరు. గుండె కొట్టే ప్రతి దెబ్బా వాటికే తగులుతుంది. అందుకే గోడలు మందం, పొగరు కూడా ఎక్కువే. నాకు ఆ గొడవ లేదు.

నా సుఖం కోడిపందెం బరిలో ముగిసింది. ఏడుకొండలు పుంజు దెబ్బ తిని కూలబడింది. అలాంటి పుంజును ఎత్తుకుని, మొహాన నోటితో నీళ్లు చిమ్మి మళ్లీ దించడం అక్కడి పద్ధతి.

"ముందు కత్తి ఇప్పు బావా," అన్నాడు బావమరిది పోసిబాబు.

"మళ్లీ కట్టడానికి టైమేదిరా," అంటూ అతను పుంజును కుడితొడకు అదుముకున్నాడు.

నీళ్లు పడగానే దానికి ప్రాణం లేచొచ్చి ఒక్క తన్ను తన్నింది. కాలికి కట్టిన కత్తి లుంగీని, తొడను చీల్చుకుని పెద్ద ధమనిలో దిగింది. గుండెకేం తెలుసు? ఎప్పటిలాగే కొట్టింది. కొట్టినప్పుడల్లా రక్తం ఎగజిమ్మింది. ఎవరో పసుపు గుప్పిస్తే అదీ రక్తంతో కొట్టుకుపోయింది. పోసిబాబు గాయంలో పిడికిలి దోపి, ఆసుపత్రి దాకా తియ్యలేదు.

"ధమని ముక్క పాడైపోయిందమ్మా. రక్తం అందకపోతే కాలు తీసెయ్యాలి," అన్నాడు డాక్టరు ఏడుకొండలు భార్య నాగరత్నంతో. "ఎడమకాలి సిర తీసి అతికించి చూస్తాం."

"ఏది కావాలంటే అది తీసుకోండి బాబూ. కాలుంచండి చాలు."

నన్నెవరూ అడగలేదు. ఎడమకాలు కోసి, నా కొమ్మలు ముడేసి పెరికారు. కవాటాలు దారికి అడ్డం రాకుండా తలకిందులుగా తిప్పి, తెగిన ధమని కొసల మధ్య కుట్టారు. రక్తం ఆపడానికి పెట్టిన బిగింపులు వదిలారు.

గుండె కొట్టింది. అంత దెబ్బ నేనెరగను. ఉబ్బిపోయాను, కుట్ల దగ్గర చిరిగిపోతాననుకున్నాను. తేరుకునేలోపే ఇంకోటి. నేను పగిలితే అతను లేడు. ఆ భయంతోనే ఓర్చుకున్నాను.

తర్వాత నాగరత్నం దుప్పటి తొలగించి, అతని కుడిపాదాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"వెచ్చగా ఉందిరా తమ్ముడూ," అంది. పోసిబాబు గోడవైపు తిరిగి ఏడ్చాడు.

ఏడుకొండలు కళ్లు తెరిచి, "పుంజు బతికిందా?" అని అడిగాడు.

ఈ మనిషి కోసమా నేను చస్తున్నది అని ఒళ్లు మండిపోయింది. నాగరత్నం పాదం వదల్లేదు. గుండె మళ్లీ కొట్టింది. ఆమె చేతుల్లోకి ఆ వెచ్చటి రక్తాన్ని పంపాను.