జాకరి తల్లి చెట్టుకి కట్టిన పడవ

నా నోట్లో నువ్వుగింజ నానదని మా శృంగవరపుకోటలో అందరూ అంటారు. అననీ. అసలు తప్పు నోటిది కాదు, కళ్లది. ఎవరి సంచిలో ఏముంది, ఎవరి కోడలు ఎందుకు అలిగింది, ఈ గుమ్మడికాయ ఇంత వంకరగా ఎందుకు కాసింది, ఇవన్నీ తెలిసేదాకా నాకు అన్నం సయించదు. "ఎండుచేపలు అమ్ముకునేదానివి, నీకెందుకే ఇయన్నీ?" అని మా ఆయన బతికున్నన్నాళ్లూ తిట్టేవాడు. ఎండుచేపల గురించి తెలుసుకోవడానికి ఇంకేం మిగిలిందని?

ప్రతి సంతకీ ఎండుచేపల బుట్టలు, సబ్బులు, దువ్వెనలు వేసుకుని ముంచంగిపుట్టు మీదుగా రిజర్వాయరు రేవుకి వస్తాను. అక్కణ్ణుంచి బుధు పడవ. అవతలి ఒడ్డు మీద సంత. పడవ వెనకాల డీజిల్ ఇంజను ఉంటుంది. దాని చప్పుడులో పక్కవాళ్లకి మాట వినపడాలంటే చెవిలో నోరు పెట్టాలి. నేను పెడతాను.

దారి మధ్యలో రెండు కొండలు దగ్గరికొచ్చి ఒక ఇరుకు ఏర్పడింది. ఆ ఇరుకులో నీళ్లలోంచి ఎండిపోయిన మద్దిమోడు ఒకటి పైకి నిలబడి ఉంటుంది. దాని కిందే జాకరి తల్లి ఉందట. డ్యామ్ కట్టినప్పుడు ఊరు మునిగింది, ఊరితోపాటు ఊరి దేవత కూడా మునిగింది. అందుకని ఇరుకు మొదట్లోనే బుధు ఇంజను ఆపేస్తాడు. ఇరుకు దాటేదాకా తెడ్లే. ఎవరూ మాట్లాడకూడదు, దగ్గొచ్చినా కొంగు అడ్డం పెట్టుకోవాలి. ఎవరైనా ఆ మోడుకి పడవ కట్టి ఎర్రగుడ్డ ఎత్తారంటే తల్లికి మొక్కు తీర్చుకుంటున్నట్టు. అప్పుడు మొహం పక్కకి తిప్పుకుని వెళ్లిపోవాలి. వేరేవాళ్ల కళ్లు పడితే మొక్కు చెల్లదట.

నాలాంటిదానికి ఇంతకంటే శిక్ష ఉంటుందా? మాట్లాడొద్దు అంటే ఎలాగో ఓర్చుకున్నాను. చూడొద్దు అంటే ఎలాగమ్మా?

"మాట్లాడకూడదు సరే, ఇంజను ఎందుకు ఆపాల్రా బుధూ?" అని ఇరుకు దాటిన ప్రతిసారీ అడిగేదాన్ని.

"అదంతే అప్పా," అనేవాడు బుధు, అక్క వరస కలిపి. పొదుపైన మనిషి. డీజిల్ పొదుపు, మాట ఇంకా పొదుపు.

"మీ జాకరి తల్లికి చప్పుడంటే పడదా? మరి ఒడ్డు మీద జాతరలప్పుడు డప్పులు కొడతారు కదా?"

"అదంతే అప్పా."

'బోడిగుండంత సుఖం లేదు, ఊరుకున్నంత ఉత్తమం లేదు' అని ఊరుకునేదాన్ని. ఊరుకోవడమంటే పైకి మాత్రమే. లోపల చెవిలో జోరీగలా ఆ ప్రశ్న తిరుగుతూనే ఉండేది.

కొండవాలు నిండా వలిసెపూలు పసుపు ఆరబోసినట్టున్న రోజులవి. సంతకి వెళ్తున్నాం. గాలి మా వెనకనుంచి గట్టిగా తోస్తోంది. ఇరుకు మొదట్లో బుధు ఇంజను ఆపాడు, ఇద్దరు మనుషులు తెడ్లు అందుకున్నారు. మద్దిమోడుకి ఒక పడవ కట్టి ఉంది. గెడకర్రకి ఎర్రచీర కట్టి ఎత్తారు. మా పడవలో అందరి మొహాలూ ఒక్కసారి అటు కొండవైపు తిరిగాయి. బుధూ తిప్పుకున్నాడు.

నేనూ తిప్పుకున్నాను. మెడ తిప్పాను గానీ కంటి చివర ఒకటి ఉంటుంది కదా, అది నా మాట వినదు.

మొక్కు అన్నాక కోడి ఉండాలి. కోడి లేదు. కొబ్బరికాయా లేదు, ధూపమూ లేదు. పడవ నడిపేవాడు ఇంజను మీద వంగి ఉన్నాడు. మోచేతులదాకా నల్లటి ఆయిలు. ఆయిలు చేతులతో ఎవడైనా దేవతకి దణ్ణం పెడతాడా? పడవ మధ్యలో ఒక ముసలామె కూర్చుని ఉంది. ఆమె ఒళ్లో తల పెట్టుకుని ఒక అమ్మాయి పడుకుని ఉంది. ఆ అమ్మాయి చేతులు పడవ అంచుని పట్టుకున్న పట్టు చూశాను. వేళ్లు తెల్లగా పాలిపోయాయి. నోట్లో గుడ్డ కుక్కి ఉంది. అంతలో పడవ కాస్త పక్కకి తిరిగింది, ఆమె కడుపు కనిపించింది.

ఓరి నాయనో! నిండు నెలలు!

"బుధూ! పడవ ఆపరా!" అని అరిచాను.

ఆ ఇరుకులో కేక ఎలా మోగుతుందో నాకు అప్పటిదాకా తెలియదు. ఈ కొండ నుంచి ఆ కొండకీ, ఆ కొండ నుంచి ఈ కొండకీ తిరిగింది. మా పడవలోవాళ్లు మిన్ను విరిగి మీద పడ్డట్టు నన్ను చూశారు. ఒకామె నా నోరు మూయబోయింది.

"మొక్కు కాదురా! నొప్పులు పడతంది! కళ్లు తిప్పి సూడు!"

బుధు చూశాడు. తెడ్డు అడ్డం వేసి పడవని మోడువైపు తిప్పాడు.

దగ్గరికెళ్లాక ముసలామెని గుర్తుపట్టాను. సోములమ్మ. అవతలి ఒడ్డు మనిషి, సంతలో నా దగ్గర ఎప్పుడూ నెత్తళ్లే కొంటుంది. పడవవాడు సుక్రు ఆమె కొడుకు. పడుకున్నది కోడలు హేమలత. తెల్లవారుతూనే నొప్పులు మొదలైతే మా రేవుకి తీసుకొస్తున్నారు. రేవులో జీపు దొరికితే ఆసుపత్రికి చేరొచ్చని. ఇరుకులో తెడ్లు వేస్తుండగా ఎదురుగాలి లేచింది. ఒక తెడ్డు విరిగిపోయింది. గాలి వెనక్కి తోసెయ్యకుండా సుక్రు మోడుకి పడవ కట్టేశాడు. ఇరుకు దాటగానే ఇంజను తిప్పుదామని ముందే మూత తీసి చూస్తే డీజిల్ పైపు చిట్లి కారుతోంది.

ఆపదలో ఉన్నామని తెలియడానికి గుడ్డ ఎత్తాడు. ఎత్తి చూపేంత గుడ్డ పడవలో కోడలి మారుచీర ఒక్కటే. అది ఎర్రది.

"రెండు పడవలెల్లిపోనాయి అప్పా," అన్నాడు సుక్రు గుసగుసగా. ఏడుపు గొంతు. "మొకాలు తిప్పీసుకుని ఎల్లిపోనారు. అరుద్దామంటే అమ్మ అరవనీదు."

"నోరు ముయ్యండర్రా," అంది సోములమ్మ, అదీ గుసగుసే. నా వైపు చూసిన చూపుకి నేను బూడిదైపోవాలి. "తల్లి మీద కూకున్నాం. ఈ గడియలో తల్లికి కోపమొస్తే ఇద్దరూ దక్కరు. నువ్వు అరిసినదానికే నాకు ఒల్లు వణుకుతంది."

ఆమె చెయ్యి కోడలి నుదురు మీద నిమురుతూనే ఉంది. ఆ చేతిలో ప్రేమ లేదని ఎవరూ అనలేరు. అందుకే నాకు కోపం రాలేదు, దిగులేసింది.

బుధు అప్పటికే ఆ పడవలోకి దిగాడు. నీళ్ల మీద ఇంజను ఆగితే పగవాడికైనా చెయ్యి వెయ్యాలన్నది పడవవాళ్ల కట్టు. మొహం తిప్పుకున్నందుకు వాడి మొహం మాడిపోయి ఉంది. పైపు మీద వేలు పెట్టి చూశాడు.

"ఇక్కడ గాలి లాగుతంది. గాలి లాగితే డీజిల్ అందదు. అప్పా, నీ కాడ సబ్బుందా?"

"సబ్బెందుకురా?"

"ఉందా లేదా?"

ఇచ్చాను. బట్టల సబ్బు. వాడు దాన్ని గోటితో గీకి, ఉమ్మి తడితో ముద్ద చేసి, పైపుని పొడిగా తుడిచి చిట్లినచోట కూరాడు. నా బుట్టలకి కట్టిన సైకిల్ ట్యూబు ముక్క విప్పి బిగించి చుట్టాడు. డీజిల్‌కి సబ్బు కరగదట! ఇన్నేళ్లుగా సబ్బులు అమ్ముతున్నాను, నాకు ఈ సంగతి తెలిస్తేనా? ఎందుకు కరగదని అడగబోయి హేమలత వైపు చూసి మానేశాను.

పైపులో చేరిన గాలి పోవడానికి సుక్రు దాని పక్కనున్న నట్టు వదులు చేశాడు. డీజిల్ నురగ నురగగా వచ్చింది. బుడగలు వస్తున్నంతసేపూ ఇద్దరూ దాన్నే చూశారు. బుడగలు ఆగాయి. నట్టు బిగించాడు. సుక్రు హ్యాండిల్ చేతిలోకి తీసుకున్నాడు.

తీసుకుని ఆగిపోయాడు.

అందరం సోములమ్మ వైపు చూశాం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తెడ్లతో ఎదురుగాలికి ఇరుకు దాటాలంటే ఎప్పటికయ్యేను? గాలితో వెనక్కి పోయి ఇరుకు బయట ఇంజను తిప్పినా, మళ్లీ ఈ ఇరుకులోంచే రావాలి. "నా పడవకి కట్టి లాగుదామన్నా నా ఇంజనూ ఇక్కడ తిప్పకూడదు," అన్నాడు బుధు. అసలు ఆ అమ్మాయి ఈ పడవలోంచి ఆ పడవలోకి మారే స్థితిలో లేదు.

"అవ్వా," అన్నాను. "ఇంజనెందుకు తిప్పకూడదు? ఆ తల్లికి కారణం ఉంటాది కదా? నాకు సెప్పు."

బుధు నన్ను ఆపబోయాడు. సోములమ్మ నా వైపు తిరిగింది. తిడుతుందేమో అనుకున్నాను.

"నాకు ఎవులూ సెప్పలేదు. నాను సూసినాను," అంది. "అప్పుడు నాను సిన్నపిల్లని, గుంటని. కొండ మీద నిలబడినాం అందరమూ. డ్యామ్ కాడ మిషన్లు పగలూ రేతిరీ మోగీవి. ఆ సప్పుడు మోగినన్నాలూ నీరు పెరిగింది. మా ఇల్లు ములిగింది, ఈ సెట్టు ములిగింది, తల్లి ములిగింది. మా అమ్మ నేల మీద పడి అరిసింది. అప్పుడు మా అయ్య అన్నాడు, మిషను సప్పుడుతోనే తల్లిని ముంచీసినారు, ఇంక తల్లి సెవిలో ఆ సప్పుడు పడకూడదు, మనిసి అలికిడీ పడకూడదు, నిద్దరోనీ అన్నాడు. ఆయనే పూజారి. అప్పటినుంచీ మేం తల్లితో మాటాడలేదు."

ఇన్నాళ్లూ ఈ మాట కోసమే కదా బుధు ప్రాణం తీశాను. తెలిశాక ఏం చేసుకోవాలో తెలియలేదు. కళ్లలో నీళ్లొచ్చాయి.

అప్పుడు హేమలత నోట్లో గుడ్డ ఉమ్మేసింది.

"అమ్మా!"

ఆ కేక ముందు నా కేక ఏపాటి! నీళ్లలోంచి లేచిందో, కొండల్లోంచి లేచిందో తెలియలేదు. సోములమ్మ చెయ్యి కోడలి నోటి మీదకి వెళ్లింది. వెళ్లి, మధ్యలో ఆగిపోయింది. కేక తిరిగి తిరిగి ఆగేదాకా ఆమె నీళ్లకేసి చూస్తూ ఉండిపోయింది.

"మా అమ్మ కూడా ఇలాగే అరిసింది," అంది మెల్లగా. "నన్ను కన్నప్పుడు. మా ఇల్లు ఈ సెట్టు పక్కనే. తల్లి ఇనే ఉంటాది." పైట చెంగుతో మొహం తుడుచుకుంది. "ఈ కేక తెలీని తల్లి ఏటి తల్లి? తిప్పరా సుక్రూ. బేగి తిప్పు!"

సుక్రు హ్యాండిల్ తిప్పాడు. ఇంజను దగ్గింది, పొగ కక్కింది, ఆగింది. మళ్లీ తిప్పాడు. ఈసారి పట్టుకుంది. టకటకమని ఇరుకంతా మోగింది. మా పడవలో ఆడవాళ్లు చేతులు జోడించారు. నేను నా బుట్టలన్నీ బుధుకి వదిలేసి సుక్రు పడవలోకి దూకాను. చేపలు ఎవరు అమ్మితేనేం, సంత ఎటు పోతేనేం?

దారి పొడుగునా ట్యూబు కట్టు మీద నా చెయ్యి వేసి నొక్కి పట్టుకున్నాను. సబ్బు వాసన, డీజిల్ వాసన, హేమలత కేకలు. ఇప్పుడు సోములమ్మ ఆమెని ఊరుకోమనలేదు. "అరువమ్మా, అరువు," అంటూ కూర్చుంది. రేవులో జీపు ఉంది. జీపు ఆసుపత్రి గేటు దాటుతుండగానే ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. నర్సు తిట్టింది, ఇంత ఆలస్యమా అని. ఎందుకు ఆలస్యమైందో చెప్పబోయాను గానీ, వినే తీరిక ఆవిడకి లేకపోయింది.

తర్వాత సంతకి బుధు పడవలో సోములమ్మ కూడా ఎక్కింది. కోడలూ మనవరాలూ ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నారు, ఇంట్లో కోళ్లని చూసి మళ్లీ వస్తానంది. పిల్ల ముక్కు ఎవరిదని అడిగాను. పిల్ల ముక్కు పిల్లదే అంది.

ఇరుకు వచ్చింది. బుధు ఇంజను ఆపాడు. దాన్ని ఎవరూ మార్చలేదు, మార్చాలని నేనూ అనుకోలేదు. తెడ్లు పడుతున్నాయి. మోడుకి ఏ పడవా కట్టిలేదు. అయినా అందరూ అటే చూస్తున్నారు, బుధు కూడా.

మోడు దగ్గరికి రాగానే సోములమ్మ పడవ అంచు మీదకి వంగింది. నీళ్లలో చెయ్యి పెట్టింది. ఎదురింటి మనిషిని పలకరించినట్టు, పైకే అంది:

"అమ్మా, నాను సోములమ్మని. బాగున్నావా? నీకేటైనా కావాలా?"

జవాబు కోసం చెవి ఒగ్గి అలాగే ఉండిపోయింది. బుధు తెడ్డు ఆపాడు. నాకు ఆమెని అడగాల్సినవి ఎన్నో ఉన్నాయి. ఒక్కటీ అడగలేదు. నేనూ ఆ నీళ్లకేసి చెవి పెట్టి కూర్చున్నాను.