ముక్కకి పెట్టె

జీవానందం మంచోడే గానీ, బుర్రలో ఓ మాట పడిందంటే పీకడం ఎవడి తరమూ కాదు. కలకత్తా పక్క లిలువా రైల్వే వర్క్‌షాపులో బోల్టులు బిగించి రిటైరైన మనిషి కదా, ఆలోచనలూ అలాగే బిగించీసుకుంటాడు. పొద్దు లేచింది మొదలు దవడలో ఖైనీ పొగాకు ఉండాల్సిందే.

మొన్న పెళ్ళాం విజయ కుమారికి రొమ్ము క్యాన్సరు ఆపరేషనైంది. గడ్డ తీసీసినారు. హైదరాబాదు నుంచొచ్చిన డాక్టరు లక్ష్మీసౌజన్య మంచం పక్కన నిలబడి చెప్పింది.

"గడ్డలో కణాలన్నీ ఒక్కలాంటివి కావండీ. కొన్ని మూలకణాలుంటాయి, దుంపల్లాగ. మందుకి మిగతావి చచ్చినా అవి దాక్కుని మళ్ళీ మొలవొచ్చు. వాటి గుర్తులు పట్టుకుంటే రోగం తిరగబెడుతుందో లేదో ముందే పసిగట్టొచ్చేమోనని మా పరిశోధన. ఇంకా తేలలేదు. మీరు ఒప్పుకుంటే చిన్న ముక్క మా దగ్గర ఉంచుకుంటాం."

విజయ కుమారి నోరు తెరిచేలోగా జీవానందం అందుకున్నాడు.

"కుదరదమ్మా! ప్రభువొచ్చి కడబూర మోగిన్నాడు మా ఆవిడ సమాధిలోంచి లెగిస్తే, ఓ ముక్క మీ కాడ ఉండిపోతే ఎలాగ? నాకిచ్చీండి, మా సమాధుల తోటలో పాతుకుంటాను."

మర్నాడు వర్క్‌షాపు నేస్తం చేత జానెడు టేకు పెట్టె చేయించాడు. మూత మీద సిలువ, పక్కన ఇత్తడి పిడులు. చంకలో పెట్టుకుని హౌరా లోకలెక్కాడు. ఓలమ్మో, అది చూడాలి! తోసుకునే జనం తప్పుకుని దారిచ్చారు. ఓ ముసలి బెంగాలీ దాదా పసిబిడ్డ శవమనుకుని "ఆహా రే" అంటూ కళ్ళొత్తుకుని సీటిచ్చీసాడు. పెట్టె ఖాళీదని చెప్పడానికి జీవానందానికి నోరు రాలేదు. సీటు మాత్రం వదల్లేదు.

ఆసుపత్రిలో ఆ పెట్టె చూసి విజయ కుమారి కుట్లు పట్టుకుని మరీ నవ్వింది. అంతలో మొగుడి మొహం చూసి ఆగింది. నిద్రలేక కళ్ళు వాచిపోయున్నాయి.

"ఏటయ్యా, భయమేస్తోందా?"

"మరి? నువ్వు నాకు మొత్తం కావాలి," అన్నాడు ముక్కు ఎగబీలుస్తూ.

"ఆ గడ్డ కూడానా? సచ్చినట్టుండి మళ్ళీ లెగిసేవి దాన్లోనే ఉన్నాయని డాక్టరమ్మ సెప్పలేదేటి? నాతోటి పాతితే నాతోటే లెగుస్తాయి. పరలోకంలో కూడా నాకు సూదులేనా?"

జీవానందం పెట్టె మంచం మీద దించీసాడు. ఇన్నేళ్ళ ఆదివారాల్లో ఏ పాస్టరుగారూ ఈ సంగతి చెప్పలేదు.

అప్పుడే డాక్టరమ్మ వచ్చింది. "దీనివల్ల మీకే మేలు జరుగుతుందని మాటివ్వలేనండీ," అంది.

"ఎవరికో ఒకరికి జరుగుతాదిలే. ఉంచుకోండమ్మా," అంది విజయ కుమారి.

"ఉంచుకోండి," అన్నాడు జీవానందం కూడా. "ఆ దుంపల్ని మాత్రం వదలకండి."

ఇక మిగిలింది పెట్టె. మంచి టేకు, వట్టినే పోతుందా? విజయ కుమారి చెయ్యి చాపి మొగుడి జేబులోంచి ఖైనీ డబ్బా లాగింది. పెట్టెలో పడేసి మూత బిగించింది.

"నాకూ నువ్వు మొత్తం కావాలి. పో, దీన్ని పాతీసి ప్రార్థన సేసి రా. మళ్ళీ లెగిసిందో, నీ పని సెప్తాను!"

తిరుగు ట్రైనులో కూడా ఎవరో సీటిచ్చారు. ఈసారి జీవానందం నిజంగానే ఏడ్చాడు.